చిన్న జాజ్ బృందానికి పాట కట్టడం: అపోహలు - వాస్తవాలు

నేను టెనర్ సాక్సోఫోన్ వాయిస్తాను. ట్రంపెట్, టెనర్, పియానో, బేస్, డ్రమ్స్ ఉన్న ఐదుగురి బృందానికి సొంత ట్యూన్లు రాస్తాను. ఈ పని నేర్చుకోవాలనుకునే తెలుగువాళ్లలో చాలామందికి కర్ణాటక సంగీతమో, కీబోర్డో కొంత వచ్చే ఉంటుంది. అంత విద్య చేతిలో ఉండి కూడా కొన్ని అపోహల దగ్గర ఆగిపోతారు. నేను తరచూ వినేవి ఇవి.

అపోహ: జాజ్ అంటే అప్పటికప్పుడు అల్లుకుపోవడమే, రాసేదేముంది?

కల్పనస్వరం పాడాలంటే ముందు ఒక కృతి ఉండాలి, ఎత్తుగడ ఎక్కడో తెలియాలి, తాళం ఆగకుండా నడవాలి. జాజ్ సోలోకూ (ఒక్కరే అల్లుకుంటూ వాయించే వంతుకూ) అంతే. 1959 మార్చి 2న న్యూయార్క్‌లో ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్, మరో ఐదుగురు కలిసి రికార్డు చేసిన ‘సో వాట్’ వినండి. మొత్తం 32 బార్లు (బార్ అంటే ఇక్కడ నాలుగు దెబ్బల ఆవర్తం). మొదటి 16 డి డోరియన్ అనే స్వరవరుసలో, తర్వాతి 8 అర్ధస్వరం (కీబోర్డు మీద ఒక్క మెట్టు) పైన, చివరి 8 మళ్లీ డి లో. పాటను ఎత్తుకునేది బేస్. మిగతావాళ్లు రెండే రెండు కార్డులతో (ఒకేసారి కలిపి పలికించే స్వరాల గుంపులతో) బదులిస్తారు. తర్వాత సోలో ఎవరిదైనా ఆ 32 బార్లు కింద తిరుగుతూనే ఉంటాయి. పాట ఎవరి నోట పలకాలి, బదులు ఎవరివ్వాలి అన్నది ముందే తేల్చుకోవడమే అరేంజ్‌మెంట్.

అపోహ: రాగాలు వచ్చు కాబట్టి ఇది తేలికే.

డోరియన్ స్వరాలు ఖరహరప్రియవే. ఆ చెవి ఎంతో పనికొస్తుంది, పోగొట్టుకోకండి. అయితే శ్రుతిపెట్టెకు అలవాటుపడ్డవాళ్లకు షడ్జమం కదలకూడదు. ‘సో వాట్’లో మధ్య 8 బార్లకు షడ్జమమే పైకి జరుగుతుంది. గ్రహభేదంలో స్వరాలు అవే ఉండి ఆధారం మారుతుంది. ఇక్కడ ఆధారంతోపాటు స్వరాలన్నీ జరుగుతాయి. దీనికి చెవి కుదురుకోవాలంటే వాయించేముందు ఆ రెండు షడ్జమాలనూ మార్చిమార్చి గొంతుతో పాడాలి.

అపోహ: పెద్ద బ్యాండ్‌కు రాయడం కష్టం, ఐదుగురికి సులువు.

నాకైతే ఐదుగురికి రాయడమే కష్టం. బిగ్ బ్యాండ్‌లో ఒక్క సాక్సోఫోన్ల వరుసలోనే ఐదుగురుంటారు, నాలుగు స్వరాల కార్డును నిండుగా పంచేయొచ్చు. మా బృందంలో ఊదేవాళ్లు ఇద్దరే. నాలుగింట్లో ఏ రెండు ఇవ్వాలి? మూలస్వరం బేస్ చూసుకుంటుంది. దాని పంచమం లేకపోయినా పెద్దగా లోటు తెలియదు. మిగిలేవి మూలస్వరం నుంచి లెక్కిస్తే మూడోది, ఏడోది. కార్డు రుచంతా ఆ రెంటిలోనే ఉంటుంది.

‘సి’ని షడ్జమం అనుకోండి. డి మైనర్ సెవెన్ అంటే రి మ ద స. జి సెవెన్ అంటే ప ని రి మ. సి మేజర్ సెవెన్ అంటే స గ ప ని. బేస్‌కు రి, ప, స ఇవ్వండి. ట్రంపెట్‌కు మ, మ, గ. టెనర్‌కు స, ని, ని. ఊదేవాళ్లు ఒక్కొక్కరు ఒక్కసారి అర్ధస్వరం దిగారంతే, పియానో ఊరుకున్నా మూడు కార్డులూ తేటగా వినిపిస్తాయి. కీబోర్డు మీద ఎడమచేత్తో బేస్, కుడిచేత్తో మిగతా రెండూ ఇప్పుడే పట్టి చూడండి. ఇది మొదటిసారి విన్న రోజు నేను దాన్ని పన్నెండు శ్రుతుల్లోనూ రాసుకున్నాను.

కొత్తవాళ్ల కాగితాల్లో నాకు ఎక్కువగా కనిపించే లోపం, మొదటి బార్ నుంచి చివరిదాకా అందరూ వాయిస్తూనే ఉండటం. ఎనిమిది బార్లు ట్రంపెట్, టెనర్ ఒకే పంక్తిని కలిసి వాయించనివ్వండి, పియానోను ఆపండి. ముగింపు రెండు బార్లలో మాత్రం ఇద్దరినీ విడదీసి పియానోను కలపండి. ఆ చోట బృందం ఉన్నట్టుండి రెట్టింపయినట్టు ఉంటుంది.

అపోహ: కొత్త పాటకు కార్డులూ కొత్తవే కావాలి.

సాక్సోఫోన్ వాద్యకారుడు చార్లీ పార్కర్ 1945లో రికార్డు చేసిన ‘కో-కో’ కింద నడిచేవి ‘చెరోకీ’ అనే పాత పాట కార్డులే. పన్నెండు బార్ల బ్లూస్ అనే కార్డుల వరుస మీద ఎందరు ఎన్ని కొత్త పాటలు కట్టారో లెక్కలేదు. మీ మొదటి పది ట్యూన్లూ అలాగే రాయండి.

అపోహ: సాఫ్ట్‌వేర్‌లో బాగుంటే రిహార్సల్‌లోనూ బాగుంటుంది.

కంప్యూటర్‌కు ఊపిరి అక్కర్లేదు. రాసిన ప్రతి పంక్తినీ పాడి చూడండి, మీకు ఊపిరి అందని చోట ట్రంపెట్ వాయించేవారికీ అందదు.

ఇంకోటి, కాగితం, అంటే ఒక్కొక్కరి వాద్యానికి విడిగా రాసిచ్చే స్వరాలు. ఆల్టో సాక్స్ కాగితంలో సి చూసి వాయిస్తే పియానో మీది ఇ ఫ్లాట్ పలుకుతుంది. సి వినిపించాలంటే ఎ రాయాలి. ట్రంపెట్‌కు డి, టెనర్‌కు అదే డి ఇంకో స్థాయి పైన. నా మొదటి రిహార్సల్‌కు అప్పటి బృందంలోని ఆల్టో కాగితం మార్చకుండా తీసుకెళ్లాను. గంటల లెక్కన అద్దె కట్టిన గదిలో నలుగురూ వాయించకుండా కూర్చుంటే, నేను పెన్సిల్‌తో ఒక్కో స్వరం దిద్దాను. ఆ సాయంత్రం పాట ఒక్కసారి కూడా పూర్తికాలేదు. అప్పటినుంచి ఎవరి కాగితం వాళ్లకు ముందురోజే పంపుతాను.

డ్రమ్స్ కాగితంలో ప్రతి దెబ్బా రాయకండి. పాట నడక, ఎన్ని బార్లు, సోలో ఎవరిది, అందరూ కలిసి ఆగే చోట్లు ఎక్కడ, ఇవి చాలు. వాటికి పైన ట్రంపెట్ పంక్తి లయను చిన్న అక్షరాల్లో రాసిపెడితే, ఏది ఎక్కడ నొక్కాలో డ్రమ్మరే చూసుకుంటారు.