యాదికి ఉంటలేదు

"ఏదీ యాదికి ఉంటలేదు సారూ." నల్లగొండ, పాలమూరు దవాఖానల్లో నలభై ఏండ్లవాళ్ల నోట కూడా ఈ మాట వస్తుంది. సంఘం కిస్తీ పైసలు ఏ డబ్బాలో పెట్టి మరిచారో, ఏ పొద్దు పాలు మాడాయో పూసగుచ్చినట్టు చెప్తారు. మరుపును ఇంత వివరంగా చెప్పగలిగే మనిషికి మెదడు జబ్బు ఉండే అవకాశం తక్కువ. డిమెన్షియా, అంటే మెదడు దెబ్బతిని మతి పోయే జబ్బు, తీరు వేరు. అందులో సాధారణంగా బుగులు పడేది ఇంటోళ్లు. ఏం అడిగినా రోగి పక్కనున్న కొడుకు మొఖం చూస్తాడు, పింఛను పైసల లెక్క తప్పుతాడు, రోజూ నడిచే బాటలో దారి మరుస్తాడు. ఇవి కనిపిస్తే ఆలస్యం చేయొద్దు.

మిగతావాళ్లలో చాలామందికి చిక్కు యాది గడప దగ్గరే. మనసు ఒక్కసారికి పట్టుకోగలిగేది సుమారు నాలుగు సంగతులు. అప్పు, బిడ్డ పెళ్లి అక్కడ కూర్చుంటే తాళంచెవి పెట్టిన చోటు లోపలికే పోదు.

మోటరు బంద్ చేసిన్నా లేదా అని మళ్లీ మళ్లీ పోయి చూడటం యాదికి లేదన్న బుగులును పెంచుతుంది. 2003లో నెదర్లాండ్స్ పరిశోధకులు కంప్యూటర్ తెరమీది గ్యాస్ పొయ్యిని కొందరితో పదేపదే తనిఖీ చేయించారు. చివరిసారి ఏం చూశారో వాళ్లు సరిగానే చెప్పారు, కానీ తమ యాది మీద నమ్మకం మాత్రం బాగా తగ్గింది. అందుకే ఒక్కసారే చూడండి. చూస్తూ "బంద్ చేసిన" అని పైకి అనండి.

రక్తంలో విటమిన్ బి12, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్, షుగర్ చూపించుకోవాలి. ఏండ్లతరబడి మెట్‌ఫార్మిన్ అనే షుగర్ గోళీ వాడేవాళ్లకు, రోజూ గ్యాస్ గోళీ మింగేవాళ్లకు బి12 పడిపోవచ్చు. మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల కంటే దిగితే లోపమనే లెక్క. దిగులు, గురకతో ఊపిరి ఆగే నిద్ర, జలుబుకు వేసుకునే మత్తు గోళీలు కూడా యాదిని దెబ్బతీస్తాయి.

ఈ జిల్లాల్లో తప్పక అడగాల్సింది కల్లు సంగతి. కల్తీ కల్లులో ఆల్ప్రజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తు మందులు కలుపుతారు. మొదటి రెండూ కొత్త సంగతులు మెదడులో నిలవకుండా అడ్డుకుంటాయి, రాత్రి మాట్లాడింది తెల్లారేసరికి ఉండదు. అట్లని ఒక్కసారిగా మానితే కొద్ది రోజుల్లోనే వణుకు, ఫిట్స్ రావచ్చు, లేనివి కనిపించవచ్చు. డాక్టరు మోతాదు మెల్లమెల్లగా తగ్గిస్తూ మాన్పించాలి. అందుకు ఇంటోళ్లు సిగ్గుపడకుండా రోజుకు ఎన్ని సీసాలో, ఎన్నేండ్ల నుంచో ఉన్నదున్నట్టు చెప్పాలి.