క్లాట్ లాజికల్ రీజనింగ్: అపోహలు - వాస్తవాలు

నేషనల్ లా యూనివర్సిటీల్లో లా డిగ్రీ సీట్ల కోసం రాసే క్లాట్ యూజీలో 120 నిమిషాలకు 120 ప్రశ్నలు. వాటిలో 22 నుంచి 26 దాకా లాజికల్ రీజనింగ్‌వే. ఈ భాగం నేర్పే నాకు, బాగా చదివే పిల్లలే ఇక్కడ మార్కులు పోగొట్టుకుంటుంటే బాధేస్తుంది. తెలివి చాలక కాదు, కొన్ని తప్పుడు నమ్మకాల వల్ల.

అపోహ: జనరల్ నాలెడ్జ్ ఉంటే ఇవి సులువు.

వాస్తవం: చాలాసార్లు అదే అడ్డొస్తుంది. పాసేజీలో చెప్పింది మీకు నచ్చిందా లేదా అని ఎవరూ అడగరు. చూపించిన కారణానికీ, తేల్చిన మాటకీ మధ్య చెప్పకుండా వదిలేసింది ఏమిటన్నదే ప్రశ్న. ఇది చూడండి: "ఒక కాలేజీలో లైబ్రరీ వేళలు పెంచాక ఉత్తీర్ణత పెరిగింది. కాబట్టి ఉత్తీర్ణత పెరగాలంటే మిగతా కాలేజీలూ వేళలు పెంచాలి." ఇందులో దాగి ఉన్న ఊహ ఏది? "విద్యార్థులందరూ రోజూ లైబ్రరీకి వెళ్తారు" అన్న ఆప్షన్‌కి చాలామంది టిక్ పెట్టేస్తారు. దాన్ని తిరగేయండి: అందరూ రోజూ వెళ్లరు. అయినా వాదనకేం కాలేదు, సగం మంది వెళ్లినా ఫలితాలు పెరగొచ్చు. ఇప్పుడు "ఉత్తీర్ణత పెరగడంలో ఆ వేళల పాత్ర ఉంది" అన్నదాన్ని తిరగేయండి. పాత్రే లేదంటే వాదన మొత్తం కూలిపోతుంది. సమాధానం అదే. ఊహ అడిగిన ప్రతి ప్రశ్నలోనూ, ఎంత టెన్షన్‌లో ఉన్నా, ఈ తిరగేసి చూడటం మానకండి.

అపోహ: 'అందరూ', 'ఎప్పుడూ', 'మాత్రమే' ఉన్న ఆప్షన్ తప్పే.

వాస్తవం: అడిగినదాన్ని బట్టి ఉంటుంది. పాసేజీ నుంచి ఏం తేలుతుందని అడిగితే ఈ మాటల దగ్గర జాగ్రత్తపడాలి. వాదనను బలహీనపరిచేది ఏదంటే మాత్రం గట్టి మాటే ఎక్కువ దెబ్బ తీస్తుంది.

అపోహ: నెగెటివ్ మార్కులున్నాయి, అనుమానముంటే వదిలేయాలి.

వాస్తవం: తప్పుకు పోయేది 0.25. రెండు ఆప్షన్లు కచ్చితంగా కొట్టేశాక మిగిలిన రెండింట్లో ఒకటి పెడితే సగటున 0.375 లాభం. వదిలేస్తే సున్నా.

అపోహ: ఎన్ని మాక్ టెస్టులు రాస్తే అంత మంచిది.

ఇది నేను అస్సలు ఒప్పుకోను. కీ చూసి "ఓ, అవును కదా" అనుకుని పేజీ తిప్పేస్తే తర్వాతి మాక్‌లోనూ అదే తప్పు చేస్తారు. తప్పిన ప్రతి ప్రశ్నకీ, మీరు పెట్టిన ఆప్షన్ ఎందుకు నచ్చిందో ఒక వాక్యం, అదెందుకు తప్పో ఇంకో వాక్యం రాయండి. కొన్నాళ్లకు ఒకే రకం తప్పు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఒకరు ఊహకీ నిర్ధారణకీ తేడా పట్టుకోలేరు, ఇంకొకరు ప్రశ్నలోని 'కానిది' అన్న మాట చూడరు. తర్వాతి మాక్ ఆ ఒక్కదాన్ని సరిచేసుకోవడం కోసం రాయండి.