దీపస్తంభాలకు చేతి చమురు ఎవరిది?

1796లో మద్రాసు సెయింట్ జార్జి కోటలో, వర్తకులు కలుసుకునే ఎక్స్ఛేంజి భవనం పైన కొబ్బరినూనెతో వెలిగే ఒక పెద్ద లాంతరును నిలిపారు. అప్పటికి మద్రాసులో ఓడరేవు అనదగినదేదీ లేదు. ఓడలు ఒడ్డుకు దూరంగా బయటి సముద్రంలోనే లంగరు వేసుకునేవి. సరుకులూ మనుషులూ మసూలా పడవలెక్కి, అలల తాకిడి దాటి ఒడ్డు చేరవలసి ఉండేది. ఎత్తయిన కొండలేవీ లేని ఆ తీరానికి రాత్రివేళ వచ్చే నావికుడికి నేల ఎంత దూరంలో ఉందో చెప్పేది ఆ నూనెదీపమే. ఆ నూనె ఖర్చు ఎవరి ఖాతాలో వేయాలన్నది మాత్రం తేలికగా తేలే విషయం కాదు. సత్రంలో గదికి అద్దె తీసుకున్నట్లు దీపపు వెలుగుకు డబ్బు వసూలు చేయలేము. సొమ్ము కట్టిన ఓడకు కనబడే దీపం కట్టని ఓడకూ అంతే కాంతితో కనబడుతుంది. నిర్బంధంగా సుంకం వసూలు చేసి ఖర్చు రాబట్టుకునే వీలు లేకపోతే సొంత లాభం కోసం దీపస్తంభం కట్టేవాడు ఉండడని ఆర్థికవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ 1848లో అన్నాడు. ఈస్టిండియా కంపెనీ, ఆ తర్వాత వచ్చిన బ్రిటిషు ప్రభుత్వం మన తీరాల్లో శతాబ్దానికి పైగా కుస్తీ పట్టింది ఈ చిక్కుతోనే.

ఖర్చు సంగతి అర్థం కావాలంటే ముందు కొంచెం లెక్క చూడాలి. భూమి గుండ్రంగా ఉండటం వల్ల దీపం ఎంత ప్రకాశవంతమైనదైనా ఒక హద్దు దాటాక దిగంతం కిందికి దిగిపోతుంది. గాలిలో కాంతి కొద్దిగా వంగడాన్ని కూడా కలుపుకుంటే, ఎత్తును మీటర్లలో తీసుకుని దాని వర్గమూలాన్ని సుమారు 3.86తో గుణించినప్పుడు దిగంతం ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో వస్తుంది. సముద్రమట్టానికి 36 మీటర్ల ఎత్తున ఉన్న దీపానికి ఇది దాదాపు 23 కిలోమీటర్లు. ఓడ మీద 9 మీటర్ల ఎత్తున నిలబడి చూసేవాడి దిగంతం మరో 11.6 కిలోమీటర్లు కనుక, ఇద్దరి మధ్య 35 కిలోమీటర్ల దూరం ఉండగానే దీపం తొంగిచూడటం మొదలవుతుంది. ఇందులో ఉన్న ఇబ్బంది వర్గమూలమే: దీపం వైపు దూరాన్ని రెట్టింపు చేయాలంటే స్తంభం ఎత్తును నాలుగు రెట్లు పెంచాలి. రాతికట్టడం ఖర్చయితే నాలుగు రెట్లతో కూడా ఆగదు, ఎందుకంటే ఎత్తు పెరిగేకొద్దీ పునాది కూడా వెడల్పు కావాలి.

అందువల్ల ఉచితంగా దొరికే ఎత్తు కోసం ఇంజనీర్లు ఎప్పుడూ వెతుకుతూనే ఉండేవారు. భీమునిపట్నం వైపు వచ్చే తీరపు ఓడలకు శాంతపిల్లి రాళ్ల ప్రమాదం ఉండేది. వాటిని హెచ్చరించడానికి 1847లో సముద్రం పక్కనున్న చిన్న కొండ కొమ్మున దీపం పెట్టారు. కొండే సగం పని చేసిపెట్టింది. మద్రాసులో కొండ లేదు గనుక 1844లో, ఇప్పటి హైకోర్టు ఆవరణలో కనబడే గ్రానైటు స్తంభాన్ని లేపవలసి వచ్చింది. దాని తర్వాతి మజిలీ నాకు మరీ ఇష్టం. పక్కనే హైకోర్టు భవనం 1892లో పూర్తయింది. 1894లో దీపాన్ని ఏకంగా ఆ కోర్టు ప్రధాన గుమ్మటం మీదికి ఎక్కించారు. కింద న్యాయమూర్తులు వ్యాజ్యాలు వింటుంటే, అదే కట్టడం రాత్రిళ్లు ఓడలకు దారి చూపేది. కోర్టు ఖర్చులో దీపస్తంభం కలిసివచ్చిందన్నమాట.

సముద్రం నడుమ ఇలాంటి పొదుపు సాధ్యం కాదు. సింగపూర్ జలసంధి తూర్పు ముఖద్వారంలో పెడ్రా బ్రాంకా అనే చిన్న రాతిదిబ్బ ఉంది. ఈస్టిండియా కంపెనీలో సముద్రపటాల అధికారిగా పనిచేసిన జేమ్స్ హార్స్‌బర్గ్ 1836లో చనిపోయాక, ఆయన పటాలను నమ్ముకుని వ్యాపారం చేసిన చైనాలోని కాంటన్ రేవు వర్తకులు ఆయన జ్ఞాపకార్థం దీపస్తంభం కట్టిద్దామని చందాలు పోగుచేశారు. ఆ చందాలు చాలలేదు. మిగతా భారం కంపెనీ ప్రభుత్వం మీద పడింది. జాన్ టర్న్‌బుల్ థామ్సన్ కట్టిన ఆ దీపం 1851లో వెలిగింది. మరుసటి ఏడాది చేసిన చట్టం సింగపూర్‌లో ఆగే ఓడల మీద దీపాల సుంకం విధించింది. రేవులో ఆగకుండా జలసంధి దాటిపోయే ఓడ అదే వెలుగును వాడుకుని ఒక్క డాలరైనా ఇవ్వకుండా వెళ్లిపోయేది. సుంకాలు లేని రేవుగా పేరు తెచ్చుకున్న తమ ఊరి మీదే ఈ భారం ఎందుకని సింగపూర్ వర్తకులు గొణగడంలో న్యాయం లేకపోలేదు.

శ్రీలంక ఆగ్నేయ తీరానికి ఎదురుగా ఉన్న బాసెస్ రాళ్ల దగ్గర ఈ తగవు ఇంకా ముదిరింది. అక్కడి ప్రమాదం కలకత్తాకో మద్రాసుకో పోయే ఓడలది, రాళ్లేమో సిలోన్‌వి. అందుకని ఏ ఒక్క వలస ఖజానాకూ వదలకుండా బ్రిటన్ వాణిజ్య మండలే బాధ్యత తీసుకుని, ఇంగ్లండు దీపస్తంభాలను చూసుకునే ట్రినిటీ హౌస్ సంస్థ ఇంజనీర్లతో 1873లో పెద్ద బాసెస్ దీపాన్నీ, 1878లో చిన్న బాసెస్ దీపాన్నీ కట్టించింది. పెద్ద బాసెస్‌కు కావలసిన గ్రానైటు రాళ్లను స్కాట్లండులోనే కొలతకు చెక్కి, ఒకదానిలో ఒకటి బిగిసేలా గాళ్లు తీసి, ఓడల మీద తెప్పించారు. 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక అరేబియా సముద్రం మీదుగా రాకపోకలు పెరిగాయి. 1885లో లక్షదీవుల్లోని మినికాయ్ ద్వీపం మీద వెలిగిన దీపం కూడా ఇదే పద్ధతిలో లండన్ లెక్కల్లోకి చేరింది.

గొలుసుతో కట్టి నీటి మీద తేలేలా వదిలి, ఓడలకు దారి చూపే బోయాల కథ వేరు. దీపస్తంభం ఒకసారి కట్టే ఆస్తి, బోయా నిత్యం తినే ఖర్చు. హుగ్లీ నదిలో దామోదర్, రూప్‌నారాయణ్ నదులు కలిసే చోట జేమ్స్ అండ్ మేరీ అనే ఇసుకమేట ఉంది. 1694లో అక్కడ మునిగిన ఓడ పేరే దానికి నిలిచిపోయింది. నది తన లోతైన దారిని మార్చుకుంటూ పోతుంది కనుక నిన్న సరైన చోట ఉన్న బోయా రేపు ఓడను మేట మీదికే తీసుకుపోవచ్చు. మళ్లీ మళ్లీ లోతు కొలవాలి, గొలుసు విప్పాలి, బోయాను జరపాలి. ప్రారంభోత్సవమూ శిలాఫలకమూ దక్కని ఈ పనిని నేను దీపస్తంభం కంటే ఒక మెట్టు ఎక్కువగానే చూస్తాను.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనూ బ్రిటిషు ఇండియాలో దీపాలు ఏ రాష్ట్రానివి ఆ రాష్ట్రం చూసుకునేవి. సుంకం పద్ధతులు ఒక్కోచోట ఒక్కోలా ఉండేవి. దీపస్తంభాల కట్టడంలో తరతరాల పేరున్న స్టీవెన్సన్ కుటుంబానికి చెందిన అలన్ స్టీవెన్సన్‌ను 1926లో పిలిపించి తీరం వెంట పరిశీలన చేయించారు. 1927లో వచ్చిన భారత దీపస్తంభాల చట్టం ఈ చిక్కుముడిని తెలివిగానే విప్పింది. చట్టం దృష్టిలో దీపస్తంభం అంటే రాతికట్టడం మాత్రమే కాదు. దీపపు ఓడ, పొగమంచులో మోగే సంకేతం, బోయా అన్నీ ఆ మాటలోనే ఇమిడాయి. బ్రిటిషు ఇండియాలోని ఏ రేవుకు వచ్చినా, ఏ రేవు నుంచి పోయినా ఓడ తన టన్నుల లెక్కన సుంకం చెల్లించవలసి వచ్చేది. ఒకసారి చెల్లిస్తే ముప్పై రోజుల దాకా ఏ రేవులోనూ మళ్లీ అడిగేవారు కాదు. చెల్లించకపోతే రేవు విడిచిపోయే అనుమతి పత్రం వచ్చేది కాదు. వెలుగును ఆపలేకపోయినా ఓడను ఆపగలమన్నది ఇక్కడి కిటుకు. ఏ దీపం ఏ ఓడకు ఉపయోగపడిందన్న వాదనతో ఇక పని లేకుండా పోయింది. యాభై టన్నుల లోపు నావలకు మినహాయింపు ఇచ్చారు. తీరం వెంట తిరిగే చిన్న నాటు పడవల మీద ఈ భారం పడలేదు.

ఇంతలో విజ్ఞానం మరో వైపు నుంచి ఖర్చు తగ్గించింది. స్వీడన్ ఇంజనీరు గుస్తాఫ్ డాలేన్ అసిటిలిన్ వాయువుతో వెలిగే దీపానికి ఒక సూర్య కవాటాన్ని అమర్చాడు. అందులో నల్లటి లోహపు కడ్డీ ఒకటి, మెరుగుపెట్టిన కడ్డీలు కొన్ని ఉంటాయి. పగటి వెలుగును పీల్చుకున్న నల్ల కడ్డీ మిగతావాటి కంటే ఎక్కువ సాగి వాయువును మూసేస్తుంది. చీకటి పడగానే ముడుచుకుని వదిలిపెడుతుంది. కాపలాదారు జీతం, పగటి వాయువు రెండూ మిగిలాయి. డాలేన్‌కు 1912లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది దీపస్తంభాలకూ బోయాలకూ పనికొచ్చే ఇలాంటి స్వయంచాలక నియంత్రకాలకే.

1947లో దేశంతోపాటు తీరదీపాలు కూడా కొత్త ప్రభుత్వానికి దఖలు పడ్డాయి. లండన్ పద్దులో ఉన్న మినికాయ్ దీపం మాత్రం ఆ లెక్కలోకి రాలేదు. స్వతంత్ర భారత ద్వీపం మీద నిలబడి, బ్రిటిషు యాజమాన్యంలోనే వెలుగుతూ, 1956లో గానీ అది మన చేతికి రాలేదు.