మాత్రకు లొంగే దెయ్యం

మారతహళ్లిలో మా అపార్టుమెంటు లిఫ్టు దగ్గర పై అంతస్తు ఆవిడ నన్ను ఆపింది. అనంతపురం నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడిన కుటుంబం. "డాక్టరుగారూ, మా వాడికి పన్నెండేళ్లు. పగలంతా క్రికెట్ ఆడతాడు. అర్ధరాత్రి దాటితే కుడి మోకాలు పట్టుకుని ఏడుస్తాడు. నొప్పి మాత్ర వేస్తే అరగంటలో నిద్రపోతాడు. గాలి సోకిందని మా అత్తగారు మూడు అమావాస్యలు దిష్టి తీశారు. ఎదుగుదల నొప్పులేనంటారా?"

ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రకు లొంగే దెయ్యాన్ని నేనెప్పుడూ చూడలేదు. లొంగే ఎముక కణితి గురించి మాత్రం ఏళ్ల తరబడి పాఠం చెప్పాను. పేరు ఆస్టియాయిడ్ ఆస్టియోమా. క్యాన్సర్ కాదు, ఒళ్లంతా పాకదు. న్యూయార్క్ పెథాలజిస్టు హెన్రీ జాఫీ 1935లో దీన్ని విడి జబ్బుగా గుర్తించాడు. "రాత్రి నొప్పి, ఆస్పిరిన్‌తో ఉపశమనం" అని మా విద్యార్థులు బట్టీ పట్టి మార్కులు తెచ్చుకునేవారు. ఎందుకు తగ్గుతుందని అడిగినవాళ్లు నలుగురుంటే ఎక్కువ.

అసలు కణితి శనగగింజంత. దాన్ని నైడస్ అంటాం, లాటిన్‌లో గూడు అని అర్థం. సూక్ష్మదర్శిని కింద చూస్తే అడ్డదిడ్డంగా అల్లుకున్న లేత ఎముక పుల్లలు, వాటి అంచున వరుస కట్టిన ఎముక కణాలు, సందుల్లో ఉబ్బిన రక్తనాళాలు. నరాల పోగులు కూడా ఉంటాయి. ఈ గూడు కాక్స్-2 ఎంజైముతో ప్రోస్టాగ్లాండిన్ ఇ2 అనే పదార్థాన్ని విపరీతంగా తయారుచేస్తుంది.

నోరు పూసినవాడికి పప్పన్నం పెట్టి చూడండి. కారం లేకపోయినా మంటే, గోరువెచ్చని నీళ్లు తాగినా మంటే. పప్పు మారలేదు, నోరు మారింది. ప్రోస్టాగ్లాండిన్ నరాల కొసలను అలా పూయిస్తుంది. పైగా రక్తనాళాలను ఉబ్బిస్తుంది. కండలో వాపు వస్తే చర్మం సాగి చోటిస్తుంది, ఎముకకు సాగే గుణమెక్కడిది? లోపల పెరిగే ఒత్తిడి ఆ పూసిన నోట్లో పడ్డ పచ్చిమిరపకాయ. మాత్ర గూటిని తాకదు, పూతను తగ్గిస్తుంది. దాని ప్రభావం దిగగానే నోరు మళ్లీ పూస్తుంది, పిల్లవాడు మళ్లీ లేస్తాడు. ఈ ఉపశమనం వైద్యులకు ముందే తెలుసు. ఆస్పిరిన్ ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపుతుందని బ్రిటిష్ ఔషధ శాస్త్రవేత్త జాన్ వేన్ 1971లో చూపాకే కారణం తెలిసింది. 1982లో నోబెల్ పంచుకున్నవారిలో ఆయన ఒకరు. (పిల్లలకు ఆస్పిరిన్ మాత్రం వేయకండి. వైరస్ జ్వరంలో వేస్తే మెదడును, కాలేయాన్ని దెబ్బతీసే రే సిండ్రోమ్ వచ్చే ప్రమాదముంది.)

ఎదుగుదల నొప్పులు సాధారణంగా రెండు కాళ్లకూ వస్తాయి, కొన్నాళ్లు కనిపించవు. వీడిది ఒకే కాలు, ఒకే చోటు, రోజూ. మోకాలికి రెండుసార్లు ఎక్స్‌రే తీశారట, శుభ్రంగా ఉందట. తుంటివైపు ఎవరూ చూడలేదు! తొడ ఎముక పైకొసన గూడుంటే నొప్పి మోకాలిలో పలకవచ్చు.

సరైన చోట తీసినా ఎక్స్‌రేలో గూటి చుట్టూ మందంగా పెరిగిన తెల్లటి ఎముకే కనిపించి గూటిని కప్పేయవచ్చు. ఎమ్మారైలో మూలుగ వాపు ఎంతగా వెలుగుతుందంటే ఇన్‌ఫెక్షనో, క్యాన్సరో అని కంగారుపడతారు. పలుచటి ముక్కలుగా తీసిన సీటీ స్కాన్‌లోనే గుట్టు బయటపడుతుంది: నల్లటి గుండ్రటి గుంట, తరచు దాని నడుమ తెల్లటి చుక్క, గూటిలోకి దారితీసే సన్నటి రక్తనాళాల గాడులు. ఇన్‌ఫెక్షన్ వల్ల ఎముకలో ఏర్పడే బ్రోడీ చీముగడ్డ కూడా ఇలాగే మోసం చేస్తుంది కానీ దాని లోపలి అంచు గరుకు. గూడు 2 సెంటీమీటర్లు దాటితే ఆస్టియోబ్లాస్టోమా అనే మరో ఎముక కణితి అంటాం.

వాడి తొడ ఎముక మెడలో 8 మిల్లీమీటర్ల గూడు దొరికింది. పూర్వం ఆ గూటి కోసం ఎముకను దిమ్మలా కోసేవారు. ముందు టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చి, అతినీలలోహిత కాంతిలో అది మెరిసే చోటును వెతికేవారు. ఇప్పుడు సీటీ చూస్తూ సూది దించి, రేడియో తరంగాలతో 90 డిగ్రీల వేడిలో సుమారు ఆరు నిమిషాలు కాలుస్తారు. పిల్లవాడు మర్నాడే ఇంటికొచ్చాడు. పరీక్షకు తీసిన ముక్క మాత్రం సూదిమొనంత. అందులో గూడు చిక్కలేదు, సూక్ష్మదర్శిని కింద నాకు మామూలు ఎముకే కనిపించింది.