ముట్టడి యంత్రం దగ్గర ఎక్కడ నిలబడాలి

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మీరు పెన్సిల్వేనియాలో జరిగే పెన్సిక్ యుద్ధం చూడబోతున్నారనీ, పెద్దయ్యాక ముట్టడి యంత్రాల (కోటల మీదికి రాళ్లు, బాణాలు విసిరే యంత్రాల) బృందంలో చేరాలన్నది మీ కోరిక అనీ మీ అమ్మ రాసింది. చాలా సంతోషం. 1966లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో పుట్టిన సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రోనిజం అనే సంఘం మధ్యయుగాల యుద్ధ విద్యలను మళ్లీ ఆడి చూపిస్తుంది. 1972లో మొదలైన పెన్సిక్ ఆ సంఘం జరిపే పెద్ద ఉత్సవాలలో ఒకటి. 1310లో మాలిక్ కాఫూర్ సైన్యం మన ఓరుగల్లు మీదికి తెచ్చిన మంజనీక్‌లు కూడా ఈ జాతి యంత్రాలే కనుక, వీటి చరిత్ర మనకు మరీ దూరమైనదేమీ కాదు.

ఆ యుద్ధాలలో విసిరే 'రాయి' నిజమైన రాయి కాదు; టెన్నిస్ బంతులను టేపుతో బిగించి కట్టిన సుమారు ఒక పౌండు ముద్ద. మెత్తనిదే కదా, దానికి ఇన్ని నియమాలెందుకని మీకు అనిపించవచ్చు. గాలి నిరోధాన్ని పక్కనపెట్టి లెక్క వేసి చూడండి. ఆ ముద్ద 70 మీటర్ల దూరం పోవాలంటే కనీసం గంటకు 94 కిలోమీటర్ల వేగంతో బయలుదేరాలి. అప్పుడు దానిలో ఉండే శక్తి, గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే క్రికెట్ బంతిలోని శక్తికన్నా ఎక్కువ. అందుకే యంత్రం ఎంత దూరం విసరవచ్చో హద్దు పెడతారు. శిరస్త్రాణం, కవచం లేనివారిని హద్దు తాడు దాటి లోపలికి రానివ్వరు. మైదానంలో భద్రత చూసే మార్షల్ పరీక్షించి ఒప్పుకోని యంత్రాన్ని మైదానంలోకి అనుమతించరు.

అయినా నన్నడిగితే, ముద్ద తగిలే యోధుడికన్నా యంత్రం పక్కన పనిచేసేవారికే ప్రమాదం ఎక్కువ. యోధుడి ఒంటిమీద కవచం ఉంటుంది, అతని వైపు వచ్చేది మెత్తని వస్తువు. బృందం చేతుల మధ్య ఉన్నదేమో గట్టి దూలం, బిగిసిన తాడు, పైకెత్తిన బరువు. ఇంగ్లండ్‌లోని వార్విక్ కోటలో 2005లో నిలబెట్టిన పెద్ద ట్రెబుషె (దూలం ఒక కొసన ఉన్న బరువు కిందికి పడితే రెండో కొస రాయిని విసిరే యంత్రం) చూడండి: దాని ఎదురు బరువు 6 టన్నులు, దాన్ని పైకెత్తడానికి మనుషులు పెద్ద చక్రాలలో నడవాలి. వాళ్లు నడిచి కూడబెట్టిన శక్తి అంతా ఒక్క ట్రిగ్గర్ వెనక నిలిచి ఉంటుంది. మీరు చేరబోయే బృందం యంత్రం ఎంతో చిన్నది కావచ్చు గానీ, చేతి ఎముకలు విరవడానికి 6 టన్నులు అక్కర్లేదు.

అందుచేత యంత్రం బిగించాక దూలం తిరిగే దారిలోకి చెయ్యి గానీ తల గానీ పోకూడదు. ట్రిగ్గర్‌కు తోడు దూలాన్ని కదలకుండా ఆపే వేరే శీల ఒకటి ఉండాలి. అందరూ పక్కకు తప్పుకున్నారని నాయకుడు కళ్లారా చూసి చెప్పిన తరువాతే దాన్ని తీయాలి. ట్రిగ్గర్‌ను పొడవైన తాడుతో, పక్కనుంచి, దూరంగా నిలబడి లాగాలి. ముందువైపు నిలబడకూడదని ఎవరైనా ఊహించగలరు. వెనక కూడా నిలబడకూడదన్నదే కొత్తవారు మరిచిపోయే సంగతి. ముద్దను పెట్టే ఒడిసెల కొస దూలం చివరి కొక్కెం నుంచి ఎప్పుడు జారుతుందన్న దానిపైనే ముద్ద పోయే దిక్కు ఆధారపడి ఉంటుంది. కాస్త ముందుగా జారితే ముద్ద నిట్టనిలువుగా పైకో, వెనక్కో పోతుంది. పెద్ద విల్లులా పనిచేసే బాలిస్టా వంటి యంత్రాన్ని ఏమీ పెట్టకుండా వదలకూడదు: ముద్దకో బాణానికో పోవలసిన శక్తి చట్రంలోకే తిరిగి వచ్చి కలపను చీలుస్తుంది. ఏ రోజుకా రోజు తాళ్ల పోగులు, ఇరుసు దగ్గరి కలప చూసుకున్నాకే పని మొదలుపెట్టాలి.

నిప్పు విషయం ఒక్క మాటలో చెబుతాను. 2015లో వార్విక్ ట్రెబుషె మండే గోళాన్ని విసిరిన తరువాత అక్కడి పడవల ఇంటి గడ్డి కప్పు అంటుకుంది. ఎగిరిన నిప్పురవ్వలే కారణమని భావించారు. మీరు ఆ జోలికి పోవద్దు. ప్రాణమున్న దేన్నీ ఒడిసెలలో పెట్టవద్దు. 2002లో ఇంగ్లండ్‌లోనే మనుషులను ట్రెబుషెతో వలమీదికి విసిరే ఆటలో ఒక విద్యార్థి వల అందక చనిపోయాడు.

మైదానంలో "హోల్డ్" అన్న కేక వినపడితే అందరూ ఉన్నచోటనే ఆగిపోవాలి. ఆ కేక వేయడానికి హోదా అవసరం లేదు. ప్రమాదం చూసినవారెవరైనా వేయవచ్చు, అది మీరైనా సరే. పెద్దవాళ్లు ఏమనుకుంటారోనని వెనకాడకండి.

ఇక ట్రిగ్గర్ లాగినా దూలం కదలకపోతే, ఏమైందో చూద్దామని దగ్గరికి పరుగెత్తాలని అనిపిస్తుంది. వెళ్లకండి. తాడు వదిలేసి కొంతసేపు ఆగండి. తరువాత నాయకుడు ఒక్కరే పక్కనుంచి వెళ్లి ముందు శీల దూర్చి, బరువును మెల్లగా దింపించాక, ముద్దను చివరికి తీయాలి.

ఇట్లు,
మీ తాతయ్య