రూల్ ఉంది, కారణం ఏది?

ఎక్స్‌పర్ట్ సిస్టమ్, అంటే నిపుణుడిలా సలహా చెప్పే ప్రోగ్రామ్, కట్టాలంటే ముందు నాలెడ్జ్ మోడల్ (ఆ నిపుణుడికి ఏం తెలుసో, దాన్ని ఎలా వాడతాడో చూపే పటం) గీసుకోవాలి, రూల్స్ ఆ తర్వాతే రాయాలి అని ఇప్పుడు క్లాసులో చెబుతారు. మొదట్లో ఈ క్రమం లేదు. నిపుణుణ్ణి కూర్చోబెట్టి అడగడం, ఆయన చెప్పింది 'ఇలా ఉంటే అలా చెయ్యి' అని రాసేసుకోవడం, అంతే.

1965లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్, జాషువా లెడర్‌బర్గ్ మొదలుపెట్టిన డెండ్రాల్ అనే ప్రోగ్రామ్‌తో ఈ దారి తెరుచుకుంది. అణువుల ముక్కల బరువులు కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్ రీడింగులను బట్టి అణువు నిర్మాణాన్ని తేల్చడం దాని పని. ప్రోగ్రామ్ బలమంతా దానికి అందించిన విషయ పరిజ్ఞానంలోనే ఉందని ఫైగెన్‌బామ్ ఆ తర్వాత గట్టిగా వాదించారు. 1994లో ఆయనతో కలిసి కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు అందుకున్నది మన చిత్తూరు జిల్లాలో పుట్టిన రాజ్ రెడ్డి.

1970ల్లో స్టాన్‌ఫర్డ్‌లోనే మైసిన్ అనే ప్రోగ్రామ్ వచ్చింది. దాన్ని తయారుచేసిన ఎడ్వర్డ్ షార్ట్‌లిఫ్ అప్పటికింకా మెడిసిన్ చదువుతున్నారు. రక్తంలో ఇన్ఫెక్షన్, మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) లాంటి కేసుల్లో అది డాక్టర్ని ఒక్కో ప్రశ్నే అడుగుతూ పోయి, ఏ బ్యాక్టీరియా అయ్యుండొచ్చో, ఏ యాంటీబయాటిక్ ఇవ్వాలో చెప్పేది. లోపల కొన్ని వందల రూల్స్. 1979లో అచ్చయిన పరీక్షలో మెనింజైటిస్ చికిత్స విషయంలో బయటి నిపుణులు దానికి 65 శాతం వేశారు. స్టాన్‌ఫర్డ్ అధ్యాపకుల్లో ఎవరికీ అంత రాలేదు. అయినా అది వార్డుల్లో వాడకంలోకి రాలేదు.

అసలు చిక్కు బయటపడింది దానితో పాఠం చెప్పించబోయినప్పుడు. మైసిన్ రూల్స్‌తోనే మెడికల్ విద్యార్థులకు నేర్పాలని విలియం క్లాన్సీ గైడన్ అనే ప్రోగ్రామ్ కట్టారు. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు టెట్రాసైక్లిన్ ఇవ్వొద్దని ఒక రూల్ ఉంది. ఎందుకివ్వొద్దు? ఆ మందు ఎదిగే పళ్లలోని కాల్షియానికి అంటుకుని శాశ్వతంగా రంగు మార్చేస్తుంది. ఆ ముక్క ప్రోగ్రామ్‌లో ఎక్కడా లేదు. కారణం తెలిసిన డాక్టరైతే, ప్రాణం మీదికి వచ్చిన కేసులో పళ్ల సంగతి పక్కనపెట్టి ఆ మందు ఇవ్వొచ్చు. రూల్ మాత్రమే తెలిసిన విద్యార్థికి ఆ వీలు లేదు.

ఇంకో రూల్ ఇంతకన్నా విచిత్రం. రోగికి మద్యం అలవాటుందా అని అడిగే ముందు వయసు 17 దాటిందా అని చూస్తుంది. చిన్నపిల్లాడి విషయంలో ఆ ప్రశ్న అడక్కుండా ఉండటానికే ఈ వరస. కానీ చూసేవాళ్లకు రెండూ రోగ నిర్ధారణ షరతుల్లాగే కనిపిస్తాయి. వైద్యం ఏది, అడిగే పద్ధతి ఏది అన్న తేడా రూల్‌లో కలిసిపోయింది. ఈ రంగంలో నేను చదివిన పరిశీలనల్లో క్లాన్సీ 1983లో రాసిన ఈ విశ్లేషణంత సూటిగా సమస్యను పట్టుకున్నది మరొకటి లేదు.

పరిశ్రమలో ఇదే తలనొప్పి మరో రూపంలో వచ్చింది. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీలో వ్యాక్స్ కంప్యూటర్ల కాన్ఫిగరేషన్ (ఏ భాగాలు కలిపి ఎలా అమర్చాలన్నది) చూసిన ఎక్స్‌కాన్ అనే సిస్టమ్‌లో రూల్స్ వేలల్లోకి పెరిగాయి. యంత్రాల మోడళ్లు మారినకొద్దీ వాటిని సరిదిద్దుకుంటూ రావడమే పెద్ద పనైపోయింది.

ప్రోగ్రామ్ ఎలా రాశారన్నదాన్ని పక్కనపెట్టి దానికి ఏం తెలుసో విడిగా వర్ణించవచ్చని కంప్యూటర్ శాస్త్రవేత్త అలెన్ న్యూవెల్ 1980లోనే చెప్పారు. ఆ ఆలోచనను పనిలో పెట్టింది ఆమ్‌స్టర్‌డామ్ యూనివర్సిటీలో బాబ్ వీలింగా, యోస్ట్ బ్రౌకర్ బృందం. వాళ్ల కాడ్స్ పద్ధతిలో విషయం ఒక పొర, దాని నుంచి నిర్ణయానికొచ్చే మెట్లు ఇంకో పొర, ఆ మెట్లు ఎక్కే వరస మరో పొర. టెట్రాసైక్లిన్‌కూ కాల్షియానికీ ఉన్న సంబంధం మొదటి పొరలోకి వెళ్తుంది, వయసు ముందు అడగాలన్న నిర్ణయం చివరి పొరలోకి వెళ్తుంది. పంపు సెట్టులో లోపం వెతికే సిస్టమ్ కట్టాలన్నా, మొదటి పొర మార్చుకుని మిగతా రెండిట్లో చాలా భాగం మళ్లీ వాడుకోవచ్చు.

స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ మూసెన్ 1980ల్లో మొదలుపెట్టిన ప్రొటెజే, నిపుణులే తమ విషయాన్ని నేరుగా నింపుకునే సాధనంగా ఎదిగింది. 2022 జనవరిలో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ, ఐసీడీ-11, తయారీలో వాడిన సాఫ్ట్‌వేర్ కూడా ప్రొటెజే మీద కట్టిందే.