మన రొట్టె కాలిన పొయ్యి

చిరంజీవులు చిన్నూ, బుజ్జీలకు తాతయ్య ఆశీస్సులు.

పోయిన ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు డల్లాస్ అక్క హవాయి నుంచి వీడియో కాల్ చేసింది కదా. అక్కడింకా శనివారం సాయంత్రం ఆరే! కనుచూపు మేరా నల్ల రాళ్లు, మధ్యలో టోపీ పెట్టుకొని అక్క. "రాళ్లు చూడ్డానికి అంత దూరం పోవాలా? మన హైదరాబాద్ ఖాజాగూడలో లేవా?" అన్నాడు చిన్నూ. అందరూ నవ్వారు. నాకు మాత్రం అది నవ్వే ప్రశ్నలా అనిపించలేదురా.

అక్కది డిగ్రీ రెండో ఏడే. అమెరికాలో డిగ్రీ పిల్లలకు వేసవి సెలవుల్లో పరిశోధన నేర్పే శిక్షణలు ఉంటాయి. నేషనల్ సైన్స్ ఫౌండేషన్ లాంటి సంస్థలు ఖర్చు పెట్టుకుంటాయి, స్టైపెండ్ కూడా ఇస్తాయి. పది వారాలు శాస్త్రజ్ఞుల వెంట తిరిగి, ఒక చిన్న ప్రశ్నకు సొంతంగా జవాబు వెతకాలి. ఒకే లావా ఒకచోట నున్నగా, చాప ముడుచుకున్నట్టు, ఇంకోచోట గరుకుగా, ముక్కలుముక్కలుగా ఎందుకు గడ్డకట్టిందన్నది అక్క ప్రశ్న. నున్నటిదాన్ని పహోయ్‌హోయ్ అంటారు, గరుకుదాన్ని ఆ-ఆ అంటారు. చెప్పుల్లేకుండా దాని మీద నడిస్తే మనమూ ఆ పేరే పెడతాం! నిప్పు చూసే రోజులు తక్కువేనట. టేపు, భూతద్దం, నోట్‌బుక్, మోకాళ్ల నొప్పులు, ఇంతే. అగ్నిపర్వతాల పార్కులో అనుమతి లేకుండా రాయి ముక్క తీయకూడదు. అక్కడివాళ్లకు ఆ నిప్పు పెలే అనే అమ్మవారు.

ఇక ఆ దీవులు ఎలా పుట్టాయంటే, మా అమ్మ రొట్టె చేసినట్టు. మీ తాతమ్మ జొన్నరొట్టెను పెంక మీద సగం కాల్చి, తీసి నిప్పుల మీద వేసేది. నిప్పు తగిలినచోట బుస్సున పొంగేది. వేళ్లతో కాస్త జరిపేది. ఇంకోచోట పొంగేది. ముందు పొంగింది మెల్లగా అణిగేది. పసిఫిక్ సముద్రం అడుగున్న నేల ఆ రొట్టె. ఏడాదికి ఏడు నుంచి పది సెంటీమీటర్లు వాయవ్యానికి జరుగుతుంది. పొయ్యి మాత్రం కింద దాదాపు ఉన్నచోటే ఉంటుంది. 50 లక్షల ఏళ్ల కిందట పొంగిన కవాయి దీవి ఇప్పుడు అరుగుతూ, అణుగుతూ ఉంది. ఇప్పుడు పొయ్యి మీద ఉన్నది హవాయి పెద్ద దీవి. దాని పక్కన, 2021 వరకు లోయిహీ అని పిలిచిన కొండ ఇంకా కిలోమీటరు లోతు నీళ్లలోనే ఉంది, బయటికి రావాలి. రొట్టెకు చిల్లుపడి కిందినుంచి పిండి పైకి తన్నుకొస్తుందా అని మీ నాన్న అడుగుతాడు. రొట్టెకు రాదు, నేలకు వస్తుంది. పోలిక అక్కడ మాడింది, పోనీండి.

ఖాజాగూడ గుండ్లు ముసలివి, సుమారు 250 కోట్ల ఏళ్లు. నేల లోతుల్లో నింపాదిగా గడ్డకట్టినవి. వాటి పుట్టుక చూసినవాళ్లు లేరు. హవాయిలో 2018లో కిలావేయా అగ్నిపర్వతం పొంగి ఏడు వందలకు పైగా ఇళ్లను మింగింది. ఆ రాళ్లకు మన బుజ్జి వయసు, పాలపళ్లు ఊడే వయసు! అక్క అంత దూరం పోయింది పసిరాళ్లను చూడ్డానికిరా.

నాకు పదేళ్లప్పుడు వికారాబాద్ దగ్గర మా ఊళ్లో బావి తవ్వుతుంటే చిల్లులున్న నల్లరాయి దొరికింది. చీమలు తిన్నాయనుకున్నాను. బడికి తీసుకుపోతే సారు "చెత్త పారెయ్" అన్నారు. పారేశాను. అడగాల్సింది, అడగలేదు. మీరు అడుగుతున్నారు, మంచిదే.

ఆ నల్లరాయి సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందటి లావా అని ముసలితనంలో తెలిసింది. ఆ చిల్లులు, లావా గడ్డకట్టేటప్పుడు లోపల చిక్కుకున్న బుడగలు. అన్నిటికంటే వింత, మన రొట్టె కాలిన పొయ్యి ఇంకా ఆరలేదు. మన నేల ఉత్తరానికి జరిగిపోయింది, ఆ పొయ్యి మడగాస్కర్ అవతల రీయూనియన్ దీవి కింద ఇప్పటికీ మండుతూనే ఉందని చాలామంది శాస్త్రజ్ఞుల మాట. ఇంత దూరం ఎలా వచ్చామో తలుచుకుంటే నాకు మాట రాదు.

వచ్చే ఆదివారం అనంతగిరి వెళ్దాం. దారిలో నల్లరాయి కనబడితే ఆగుదాం. కొన్ని చిల్లుల్లో తెల్లటి పలుకులు మెరుస్తుంటాయి. సుత్తి వద్దు, బుజ్జి చిటికెనవేలు చాలు.

మీ తాతయ్య